64 కోర్లలో ఖాళీగా కూర్చున్నది ఎవరు?

ఒడిశాలో మా పర్లాకిమిడి వైపు అక్టోబరు వచ్చిందంటే తుపాన్ల టెన్షనే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లా కొండల మీదకి వచ్చి, చరియలు విరిగిపడి మనుషుల ప్రాణాలు తీసింది. అలాంటి రాత్రుల్లో పర్లాకిమిడిలో తెలుగువాళ్ళ ఇల్లయినా ఒడియావాళ్ళ ఇల్లయినా ఒకటే పని, ఫోన్లో ఆ రంగుల మ్యాపు చూసుకోవడం, ఎక్కడ దాటుతుంది, ఎన్నింటికి దాటుతుంది, మనకెంత దూరం అని. ఆ మ్యాపు వెనక ఒక ప్రోగ్రాం ఉంటుంది. అది ఒక కంప్యూటర్ మీద నడిచేది కాదు, వేల ప్రాసెసర్లు ఒకేసారి పనిచేస్తే తప్ప టైముకి తేలదు. రేపటి తుపాను లెక్క ఎల్లుండి తేలితే దాన్ని అంచనా అనరు కదా.

ఇలాంటి ప్రోగ్రాముల వేగం గురించి నాకు కొంచెం సొంత గొడవ ఉంది. ఎం.టెక్ ప్రాజెక్టుకని మా కొండల వాన మీద ఒక వాతావరణ మోడల్ని కాలేజీ క్లస్టర్ మీద, అంటే కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు మీద నడిపాను. 16 కోర్లిస్తే (కోర్ అంటే ప్రాసెసర్లో విడిగా లెక్క చెయ్యగల ఒక్కో భాగం) 3 గంటలు పట్టింది. 64 ఇస్తే ముప్పావుగంటలో అయిపోతుందని లెక్క వేసుకుని టీ తాగడానికి వెళ్ళాను. 2 గంటల 10 నిమిషాలు పట్టింది. సరే, 128 ఇచ్చి చూద్దామనుకుంటే ఇంకో పది నిమిషాలు పెరిగింది! గైడు పిలిచి ఎందుకలా అయిందని అడిగితే "నెట్‌వర్క్ స్లోగా ఉంది సార్" అన్నాను. ఈ రంగంలో ఎవర్ని అడిగినా మొదట చెప్పే జవాబు అదే, బస్సు లేటయితే ట్రాఫిక్ అన్నట్టు. "కొలిచావా?" అన్నారాయన. కొలవలేదు.

ముందు అసలు పని ఎలా పంచుతారో చూద్దాం. మ్యాపుని గళ్ళుగా కోసి ఒక్కో ముక్క ఒక్కో కోర్‌కి ఇస్తారు. నా మ్యాపు 240 గళ్ళు పొడుగు, 240 గళ్ళు వెడల్పు. ప్రతి కోర్ తన ముక్కలో గాలి, తేమ, ఉష్ణోగ్రత లెక్కకట్టి, కొన్ని సెకన్ల కాలం ముందుకి జరిపి, మళ్ళీ లెక్కకడుతుంది. కానీ గాలికి మన గీతలు తెలియవు, పక్క ముక్కలోంచి వస్తుంది. కాబట్టి ప్రతి అడుగులోనూ అంచుల్లో ఉన్న విలువలు పక్కవాళ్ళకి పంపాలి, వాళ్ళవి తీసుకోవాలి, అవి అందేదాకా తర్వాతి అడుగు వెయ్యకూడదు. ఈ ఇచ్చిపుచ్చుకోడానికి అందరూ వాడేది 1994లో మొదటి వెర్షన్ వచ్చిన ఎంపీఐ అనే ప్రమాణం. ఒక్కో కోర్ మీద నడిచే ప్రోగ్రాం కాపీకి ఒక నంబరు, దాన్ని ర్యాంకు అంటారు, సున్నాతో మొదలు.

చిక్కంతా ఈ ఎదురుచూడటంలోనే ఉంది. అన్ని ముక్కల పనీ సమానం కాదు. మహేంద్రగిరి 1,501 మీటర్లు, సముద్రపు తేమంతా అక్కడ తగులుకుని మబ్బవుతుంది, మబ్బున్న చోట నీటిబొట్లు పుట్టడం పెరగడం రాలడం లెక్కకట్టాలి. బంగాళాఖాతం మీద పొడిగా ఉన్న ముక్కకి ఆ లెక్కలో చాలా భాగం ఉండదు. సముద్రం ముక్క తొందరగా ముగించి కొండ ముక్క కోసం కూర్చుంటుంది. ప్రతి అడుగులోనూ కూర్చుంటుంది.

ఇది కాక ఎవరూ పంచుకోలేని పని కొంత ఉంటుంది. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన లెక్క చాలామందికి తెలిసిందే. మొత్తం పనిలో పంచలేనిది 5 శాతం ఉంటే, లక్ష కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు, 64 పెడితే పదిహేను రెట్లు, అంతే. కాలేజీలో అందరం ఈ సూత్రం పరీక్షలో రాసినవాళ్ళమే, కానీ మన ప్రోగ్రాంలో ఆ 5 శాతం ఏ లైన్లో ఉందో సూత్రం చెప్పదు.

అది వెతకడానికి పనికొచ్చే మొదటి సాధనం ప్రొఫైల్. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కని ఫంక్షన్ అంటారు. ప్రోగ్రాం నడిచినంతసేపు ఏ ఫంక్షన్‌లో ఎంత టైము పోయిందో కూడి పట్టిక ఇస్తుంది. నాకొచ్చిన పట్టికలో అన్నిటికంటే పైన ఎంపీఐ వెయిట్ అనే ఫంక్షన్ ఉంది, సగానికి పైగా టైము అందులోనే. చూశారా సార్, నెట్‌వర్కే అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను, మామూలు పప్పు కూడా కాదు, జీడిపప్పులో.

మా మావయ్యకి పర్లాకిమిడి దగ్గర చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. పిక్కల్ని ఆవిరి మీద ఉడకబెట్టి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న కాలితో తొక్కే మిషన్ల మీద కోస్తారు. అలా వచ్చిన పప్పుని డ్రయ్యర్లో పెట్టి, బయటికి తీశాక ఆడవాళ్ళు కూర్చుని పైపొర ఒలుస్తారు, ఆ తర్వాత గ్రేడింగు. ఒకరోజు పదకొండింటికి మావయ్య షెడ్డులోకి వెళ్తే ఒలిచేవాళ్ళంతా ఖాళీగా కబుర్లాడుకుంటున్నారు. "ఏటమ్మా, ఇలా కూకున్నారు?" అని కసిరాడు. "పప్పు రాకండా ఏటి ఒలుత్తాం బాబూ" అని ఒకావిడ ఖాళీ చేట ఎత్తి చూపించింది. డ్రయ్యర్ దగ్గరికి వెళ్తే అక్కడా పప్పు రాలేదు. కోతకి వెళ్తే వాళ్ళు కోస్తూనే ఉన్నారు, కానీ పిక్క లోపల ఇంకా వెచ్చగా, మెత్తగా ఉంది, గట్టిగా తొక్కితే పప్పు ముక్కలైపోతోంది, ముక్కకి గుండు ధర రాదు, అందుకని ఒక్కోటీ మెల్లగా కోస్తున్నారు. ఎందుకు వెచ్చగా ఉందంటే ముందు రోజు కట్టెలు తడిసి బాయిలర్ రాత్రి తొమ్మిదికి గాని రాజుకోలేదు. అంటే పొద్దున్న పదకొండింటికి ఒలిచేచోట కనిపించిన ఖాళీ, నిన్న సాయంత్రం కట్టెల దగ్గర పుట్టింది. మావయ్య ఒలిచే చోట మాత్రమే చూసి ఉంటే ఏం చేసేవాడు? ఒకరిద్దర్ని మాన్పించేవాడు, లేదా ఇంకో నలుగుర్ని పెట్టేవాడు. రెండూ దండగే.

నేను 128 కోర్లు అడగడం ఆ నలుగుర్ని పెట్టడం లాంటిదే. ఎంపీఐ వెయిట్‌లో టైము పోతోందంటే దానర్థం అక్కడ ఎవరో కూర్చున్నారని మాత్రమే. ఎవరివల్ల కూర్చున్నారన్నది ప్రొఫైల్ పట్టికలో ఉండదు, ఎందుకంటే కూడేటప్పుడే ఏది ముందు ఏది వెనక అన్న క్రమం పోయింది.

క్రమం పోకుండా ఉండాలంటే ట్రేస్ కావాలి. ప్రతి ర్యాంకూ ఏ క్షణంలో ఏ ఫంక్షన్‌లోకి వెళ్ళింది, ఎప్పుడు బయటికొచ్చింది, ఎవరికి పంపింది, అన్నీ టైముతో సహా రాసిపెట్టడం. జర్మనీలో పుట్టిన వాంపిర్ లాంటి టూల్స్ దాన్ని బొమ్మగా చూపిస్తాయి, ర్యాంకుకో గీత, గీత మీద రంగులు, మధ్యలో సందేశాల సన్నటి గీతలు. పదహారు గీతలు చూడొచ్చు, అరవై నాలుగు కళ్ళు చికిలించుకుని చూడొచ్చు. వెయ్యి ర్యాంకులు, ఒక్కోటీ సెకనుకి పదివేల సంఘటనలు, ఒక్కోదానికి 20 బైట్లు వేసుకున్నా సెకనుకి 200 మెగాబైట్లు, పది నిమిషాలకి 120 గిగాబైట్లు. అది మనిషి చూసే బొమ్మ కాదు. ఆ బొమ్మని చూసే పనే మిషన్‌కి అప్పజెప్పాలన్న ఆలోచన ఇక్కడ మొదలవుతుంది.

ఆ దారిలో మొదట గట్టిగా నడిచినవాళ్ళలో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో బార్టన్ మిల్లర్ బృందం ఒకటి, 1990లలో పారడైన్ అనే టూల్ చేసింది. దాని పద్ధతి నాకు చాలా ఇష్టం. అన్నీ రాసిపెట్టి తర్వాత చూడటం కాదు, ప్రోగ్రాం నడుస్తుండగానే ప్రశ్నలడుగుతుంది. ఎందుకు, ఎక్కడ, ఎప్పుడు, ఈ మూడే. ఎదురుచూపులు ఎక్కువా, లెక్కలు ఎక్కువా, ఫైళ్ళ పని ఎక్కువా అని మొదట పెద్ద అనుమానాలు పెట్టుకుని, నడుస్తున్న ప్రోగ్రాంలోకే చిన్న కొలత కోడ్ దూరుస్తుంది. అనుమానం తప్పని తేలితే ఆ కోడ్ తీసేస్తుంది. నిజమైతే ఇంకా లోపలికి, ఏ మాడ్యూల్లో, ఏ ఫంక్షన్‌లో, ఏ ర్యాంకులో అని వెళ్తుంది. మంచి ఆర్‌ఎంపీ డాక్టరు పొట్టనొప్పి అనగానే స్కానింగ్ రాయకుండా ఎక్కడ, ఎప్పట్నించి, తిన్నాకా తినకముందా అని అడిగినట్టు.

రెండో దారి జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రానిది. ముందు కోజాక్, ఆ తర్వాత స్కలాస్కా. వీళ్ళు ట్రేసే రాస్తారు, కానీ అందులో తెలిసిన రోగలక్షణాల కోసం ప్రోగ్రామే వెతుకుతుంది. ఒకటి మాత్రం దగ్గరగా చూద్దాం, ఆలస్యంగా పంపినవాడు అన్న లక్షణం. 7వ ర్యాంకు 100వ సెకనులో "నీ అంచు విలువలు పంపు" అని కూర్చుంది, 6వ ర్యాంకు 104వ సెకనులో గాని పంపడం మొదలుపెట్టలేదు. ఆ నాలుగు సెకన్లు 7 ఖాతాలో వృథా, కారణం 6. నెట్‌వర్క్ నిజంగా మోసిన టైము 104 నుంచి అందేదాకా, అది మైక్రోసెకన్లలో ఉంటుంది. మామూలు ప్రొఫైల్ ఈ రెండిటినీ కలిపేసి వెయిట్ అని ఒకే అంకె వేస్తుంది, నేను దాన్ని చూసి నెట్‌వర్క్‌ని తిట్టాను. అందరూ కలిసే చోట చివరివాడి కోసం ఆగడం, తీసుకునేవాడు సిద్ధంగా లేక పంపేవాడు ఆగడం, ఇలా ఇంకొన్ని లక్షణాలున్నాయి, సూత్రం మాత్రం ఒకటే, రెండు వైపుల టైములూ పక్కపక్కన పెట్టి చూడటం.

కానీ 6 దగ్గర ఒక టైము, 7 దగ్గర ఒక టైము ఉన్నాయి, రెండూ వేరు వేరు ఫైళ్ళు. పాత కోజాక్ అన్నిటినీ కలిపి ఒకే ఫైలు చేసి ఒక్క ప్రాసెసర్ మీద చదివేది, కోర్లు పెరిగేకొద్దీ అదే ఒక రోజు పని అయ్యేది. స్కలాస్కా చేసిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. ప్రోగ్రాం నడిచిన అన్ని కోర్లనీ మళ్ళీ తీసుకుని, ఎవరి ట్రేసు వాళ్ళని చదవమని, మొదటిసారి ఎవరు ఎవరికి సందేశం పంపారో అదే క్రమంలో మళ్ళీ పంపిస్తుంది. కాకపోతే ఈసారి సందేశంలో గాలి వేగాలు ఉండవు, "నేను ఇన్నింటికి పంపాను" అన్న టైము ఉంటుంది. అందుకున్నవాడు తన టైముతో తీసివేస్తే వృథా తేలిపోతుంది. ఇలా విశ్లేషణే సమాంతరంగా నడుస్తుంది కాబట్టి యూలిష్‌లోని జుజీన్ మిషన్ మీద 2,94,912 కోర్లదాకా వెళ్ళగలిగారు. ఇంకో చిన్న తలనొప్పి, ఒక్కో నోడ్ (గుంపులోని ఒక్కో కంప్యూటర్) గడియారం ఒక్కోలా ఉంటుంది, కాస్త తేడా వచ్చినా ఉత్తరం పోస్టు చెయ్యకముందే చేరినట్టు రికార్డవుతుంది. అది జరగదు కాబట్టి ఆ అసాధ్యాన్నే ఆధారం చేసుకుని గడియారాలు సర్దుతారు.

ఇంతవరకూ చెప్పింది ఎవరు ఎవరికోసం ఆగారన్నదే. 6 ఎందుకు లేటయింది? అది 5 కోసం ఆగి ఉండొచ్చు, 5 ఇంకెవరికోసమో. 2010 ప్రాంతంలో ఇక్కడ మంచి ముందడుగు పడింది, ట్రేసుని వెనక నుంచి ముందుకి, అంటే కాలంలో వెనక్కి నడిపి, ప్రతి వృథా సెకనునీ అది నిజంగా పుట్టిన చోటి ఖాతాలో వెయ్యడం. ఆగడం వల్ల ఆగినవాడి తప్పు లేదు, పని ఎక్కువై లేటయినవాడి దగ్గరే గొలుసు ఆగుతుంది. మావయ్య చేట నుంచి కట్టెలదాకా నడిచిన నడకే ఇది, లక్షల గొలుసుల మీద.

నా 64 కోర్ల పరుగు మీద ఇది నడిపితే వచ్చిన జవాబు చూసి కాసేపు నోట మాట రాలేదు. వృథాలో పెద్ద వాటా సున్నా ర్యాంకు ఖాతాలో పడింది. తిరిగి ప్రొఫైల్ తీసి చూస్తే అదే సున్నా ర్యాంకుకి ఎంపీఐ వెయిట్ అందరికంటే తక్కువ! అన్ని ర్యాంకుల్లోకీ బుద్ధిమంతుడిలా కనిపించినవాడే దోషి, ఎందుకంటే వాడు ఎవరికోసమూ ఆగడు, అందరూ వాడి కోసమే ఆగుతారు. వాన బొమ్మ కదులుతున్నట్టు చూపించి గైడుని మెప్పిద్దామని నేను పది నిమిషాలకోసారి ఫైలు రాయమని పెట్టాను. మోడల్లో డిఫాల్టుగా అన్ని ర్యాంకుల డేటా సున్నాకి చేరుతుంది, అదొక్కటే డిస్కు మీద రాస్తుంది, రాసేంతసేపూ దాని పక్క ముక్కలు అంచు విలువల కోసం ఆగుతాయి, వాటి కోసం వాటి పక్కవి. ఆమ్డాల్ చెప్పిన పంచలేని పని నా సెట్టింగ్స్ ఫైల్లో నేనే రాసుకున్న ఒక అంకెలో ఉంది. నెట్‌వర్క్ పాపం.

అది సర్దాక మిగిలినదాన్ని చూడటానికి యూరప్‌లో పాప్ అనే ప్రాజెక్టువాళ్ళు ప్రచారం చేసిన లెక్క ఒకటి బాగా పనికొచ్చింది. నాలుగు ర్యాంకులు నిజంగా పనిచేసిన టైము 60, 62, 58, 100 సెకన్లు, మొత్తం పరుగు 110 సెకన్లు అనుకుందాం. సగటు 70, గరిష్ఠం 100, కాబట్టి పని పంపకం 70 శాతం బాగుంది. గరిష్ఠం 100, పరుగు 110, కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడం దాదాపు 91 శాతం బాగుంది. రెండూ గుణిస్తే దాదాపు 64 శాతం. ఇక్కడ లక్షలు పోసి మెరుపులాంటి నెట్‌వర్క్ కొన్నా బాగుపడేది ఆ తొమ్మిది శాతమే, కొండ ముక్కని చిన్నది చేసి సముద్రం ముక్కని పెద్దది చేస్తే బాగుపడేది ముప్పై. ఒకే అంకెని ఇలా విడగొట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, ఎక్కడ చెయ్యి పెట్టాలో చెప్పేది అదే.

కొలవడం కూడా ఖర్చే, దీన్ని మర్చిపోతే టూలే మనల్ని మోసం చేస్తుంది. రెండు సంఖ్యలు కూడి ఇచ్చే బుల్లి ఫంక్షన్‌ని కోట్లసార్లు పిలిస్తే, ప్రతి పిలుపుకీ టైము రాసుకుంటూ పోతే, ఫంక్షన్ కంటే రాతకే ఎక్కువ పట్టి అదే పెద్ద దోషిగా తేలుతుంది. అలాంటివాటిని వడకట్టాలి, లేదా రైస్ యూనివర్సిటీ వాళ్ళ హెచ్‌పీసీటూల్‌కిట్‌లా అప్పుడప్పుడూ తొంగిచూసి ఏం చేస్తోందో నమూనా తీసుకోవాలి.

టూల్ ఎంత తెలివైనదైనా తనకి నేర్పిన లక్షణాలే వెతుకుతుంది, తను కొలిచినచోటే చూస్తుంది. దీనికి అమెరికాలోని లాస్ అలమోస్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అక్కడ ఆస్కీ క్యూ అని 8,192 ప్రాసెసర్ల మిషన్, నోడ్‌కి నాలుగేసి. దాని మీద సేజ్ అనే ప్రోగ్రాం ఉండాల్సిన వేగంలో సగమే నడుస్తోంది. ఫాబ్రిజియో పెట్రీని, డారెన్ కెర్బిసన్, స్కాట్ పాకిన్ 2003లో దీని మీద రాసిన పత్రం డిటెక్టివ్ కథలా ఉంటుంది. నోడ్‌కి నాలుగు బదులు మూడే ప్రాసెసర్లు వాడితే పెద్ద సైజులో ప్రోగ్రాం ఇంకా వేగంగా నడిచింది, అంటే పనివాళ్ళని తగ్గిస్తే పని పెరిగింది. కారణం ప్రోగ్రాంలో లేనే లేదు. ప్రతి నోడ్‌లోనూ ఆపరేటింగ్ సిస్టం తన చిల్లర పనుల కోసం అప్పుడప్పుడూ ప్రాసెసర్ లాక్కుంటోంది. ఒక్క నోడ్‌లో చూస్తే అది లెక్కలోకే రాని టైము. కానీ వేలమంది ప్రతి అడుగులోనూ కలవాలి, ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట ఒకడు ఆ చిల్లర పనిలో ఇరుక్కుని ఉంటాడు, అందరూ వాడికోసం ఆగుతారు. నాలుగో ప్రాసెసర్ ఖాళీగా ఉంటే ఆ చిల్లర పనులు దాని మీదకి పోయాయి. చిల్లర పనులు సర్దాక సేజ్ వేగం రెట్టింపయింది.

వాళ్ళు దీన్ని పట్టుకోగలిగింది టూల్ వల్ల కాదు. ఈ ప్రోగ్రాం ఈ మిషన్ మీద ఎంత వేగంగా నడవాలో ముందే కాగితం మీద లెక్క కట్టుకుని ఉన్నారు. ఆ అంకె లేకపోతే సగం వేగమే అసలు వేగం అనుకుని ఊరుకునేవాళ్ళు. మన క్లస్టర్లలో ఇలా ఊరుకున్నవి ఎన్నో అని నాకు గట్టి అనుమానం. ఈమధ్య ప్రొఫైల్ పట్టికని చాట్‌బాట్‌కి పెట్టి జవాబు అడిగేవాళ్ళూ ఉన్నారు, అదీ చాలా ధీమాగా నెట్‌వర్క్ అనే అంటుంది, నాలాగే.

ఇదంతా కాలేజీ ప్రాజెక్టుల గొడవ మాత్రమే కాదు. మన దేశంలో వాతావరణ లెక్కల కోసం 2018లో పుణెలో ప్రత్యూష్ అనే సూపర్ కంప్యూటర్ 4 పెటాఫ్లాప్‌లు (ఒకటంటే సెకనుకి పది కోట్ల కోట్ల లెక్కలు), నోయిడాలో మిహిర్ 2.8 పెటాఫ్లాప్‌లతో వచ్చాయి, 2024లో వాటి తర్వాత అర్క, అరుణిక వచ్చాయి. 2025 మేలో 6 కిలోమీటర్ల గడితో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం మొదలైంది, అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. గడి సగమైతే గళ్ళు నాలుగు రెట్లవుతాయి, మామూలుగా కాలం అడుగు కూడా సగం చెయ్యాలి కాబట్టి పని ఎనిమిది రెట్లు. అంత పనిని మిషన్ పెంచి మాత్రమే గట్టెక్కించలేరు.

నా 128 సంగతి మిగిలింది. ఫైలు రాసే పనికి రెండు ర్యాంకులు విడిగా కేటాయించే సెట్టింగ్ ఆ మోడల్లో ముందునుంచీ ఉంది, సెట్టింగ్స్ ఫైల్లో రెండు లైన్లు మార్చాను, 64 మీద గంటా పది నిమిషాలకి దిగింది. 128 మీద గంటా ఐదు. ఆ మిగతా 64 మందీ కలిసి మిగిల్చింది ఐదు నిమిషాలు. టూల్ ఈసారి దోషి ఎవరూ లేరంది, నిజంగానే లేరు, ముక్కలే మరీ చిన్నవైపోయాయి. 16 కోర్లకి ముక్క 60 గళ్ళు ఇంటూ 60, అంటే 3,600. చుట్టూ మూడు వరసల అంచు ఇచ్చిపుచ్చుకుంటే 720 గళ్ళు, పనిలో ఐదో వంతు. 64 కోర్లకి 900 గళ్ళ పనికి 360 గళ్ళ అంచు. 128 కోర్లకి 450 గళ్ళ పనికి 270. కయ్య సగమవుతోంది, గట్టు మాత్రం అంతగా తగ్గడం లేదు.

తర్వాత పరుగులన్నీ 64 మీదే చేశాను. క్లస్టర్ క్యూలో 128 ఖాళీ అయ్యేదాకా రాత్రంతా కాచుకునేవాణ్ణి, 64 అయితే సాయంత్రమే దొరికేవి.